పేరు లేని కథల వెనుక పెద్ద కలం
తోకచుక్క నుంచి భల్లూక మాంత్రికుడి వరకు... దాసరి సుబ్రహ్మణ్యం రచనా జీవితం

* చందమామలో 54 ఏళ్ల కొలువు
* పన్నెండు జానపద ధారావాహికల సృష్టికర్త
* పాఠకులకు పాత్రలు తెలుసు.. రచయిత తెలియదు

పామిడి: శిఖిముఖి, విక్రమకేసరి అనగానే పామిడి పట్టణంలో యాభై దాటిన వారెందరికో బాల్యం గుర్తుకు వస్తుంది. ఖడ్గవర్మ, జీవదత్తుల సాహసాలను, ఏకాక్షి, చతుర్నేత్రుల మంత్రశక్తుల పోరును ఇప్పటికీ పూసగుచ్చినట్లు చెప్పగలవారు జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఆ కథలు రాసినదెవరని అడిగితే మాత్రం చాలామంది చందమామ అనే బదులిస్తారు. పత్రిక పేరే రచయిత పేరుగా నిలిచిపోయింది. ఆ కథల వెనుక ఉన్న వ్యక్తి దాసరి సుబ్రహ్మణ్యం. తెలుగులో అద్భుత కాల్పనిక సాహిత్యాన్ని లక్షలాది బాలబాలికలకు చేరువ చేసిన ఈ రచయిత అర్ధశతాబ్దికి పైగా తెరవెనుకనే ఉండిపోయారు.

సీమతో ముడిపడిన పత్రిక

చందమామ చరిత్రలో రాయలసీమ పాత్ర చిన్నది కాదు. 1947 జూలైలో చక్రపాణితో కలిసి ఈ పత్రికను స్థాపించిన బి.నాగిరెడ్డి స్వస్థలం కడప జిల్లా పొట్టిపాడు. వీరిద్దరి విజయా సంస్థకు ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలను అందించిన దర్శకుడు కె.వి.రెడ్డి మన జిల్లాలోని తాడిపత్రిలో 1912లో జన్మించారు. పామిడిని దాటిన పెన్న దిగువన తాడిపత్రిని ఒరుసుకుంటూ కడప జిల్లాలోకి ప్రవేశిస్తుంది. వానలు కరవైన ఈ నేల నుంచి వెళ్లినవారే తెరపై మాంత్రికులను, పాతాళ గుహలను, మాయామహళ్లను చూపించారు. అదే కాలంలో, అదే మద్రాసు నగరంలో, వారి సంస్థకు చెందిన పత్రికలో సుబ్రహ్మణ్యం కాగితంపై అటువంటి లోకాలను నిర్మించారు.

తెనాలి నుంచి మద్రాసుకు

సుబ్రహ్మణ్యం 1932 అక్టోబరు 25న నాటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని చినగాదెలవర్రు గ్రామంలో జన్మించారు. చందమామ సంపాదక బాధ్యతలు చూసిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివారే. 1952లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో సుబ్రహ్మణ్యం చందమామ సంపాదక వర్గంలో చేరారు. కుటుంబరావు ఆ పత్రికలో పనికి కుదిరినది కూడా ఆ సంవత్సరమే. 1980 ఆగస్టులో మరణించే వరకు కుటుంబరావు అక్కడే కొనసాగగా, సుబ్రహ్మణ్యం 2006 వరకు పనిచేశారు.

అప్పటికే తెలుగునాట జానపద కథలకు గట్టి పునాది ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ఇంటింటా చదివేవారు. బాలనాగమ్మ కథను బుర్రకథలుగా, నాటకాలుగా ఊళ్లలో ప్రదర్శించేవారు. చందమామలో అంతకు ముందే ‘విచిత్ర కవలలు’ ధారావాహిక పిల్లలను ఆకట్టుకుంది. ఈ సంప్రదాయాన్ని అందిపుచ్చుకొని నెలనెలా సాగే సాహస కథగా మలచడం సుబ్రహ్మణ్యం చేసిన పని.

1954లో ‘తోకచుక్క’తో ఆయన ధారావాహికలు ఆరంభమయ్యాయి. అదే ఏడాది ఇంగ్లండులో టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి సంపుటం వెలువడింది. ఈ రెంటికీ పరస్పర సంబంధం లేదు. అయినా రెండు దేశాలలో ఇద్దరు రచయితలు ఒకే సమయంలో ఊహాలోకాలకు రాజ్యాలను, దీవులను, అడవులను సమకూర్చడం గమనించదగినది. టోల్కీన్ పేరు పుస్తకం అట్టపై నిలిచి ప్రపంచమంతా వ్యాపించింది. సుబ్రహ్మణ్యం పేరు ధారావాహిక తొలిపుటలో కూడా కనిపించలేదు.

నెలకొక భాగం.. ఎలా రాశారంటే

చందమామ ధారావాహికకు ప్రత్యేకమైన కట్టుబాట్లు ఉండేవి. ఒక్కో సంచికకు కేటాయించిన పుటలు కొన్నే. ప్రతి పుటలోనూ బొమ్మ ఉండాలి. మొదట గత నెల కథను నాలుగు ముక్కల్లో గుర్తుచేయాలి. చివర కథానాయకుడిని ఏదో ఒక ఆపదలో నిలిపి ‘ఇంకా ఉంది’ అని ముగించాలి. పాఠకుడు నెల రోజులు ఆగి మళ్లీ చదివేంత బిగువు కథలో ఉండాలి. ఈ లెక్కన రెండేళ్లు నడిచే కథకు ఇరవైనాలుగు మలుపులు కావాలి. ఎక్కడా పాత్రల పేర్లు, దారులు, పగలు తారుమారు కాకూడదు.

చిత్రకారుడు చిత్రా అసలు పేరు టి.వి.రాఘవన్. సుబ్రహ్మణ్యం వర్ణించిన విచిత్ర మృగాలకు, ఒంటికన్ను మాంత్రికులకు, శిథిల నగరాలకు రూపమిచ్చినది ఆయన కుంచె. మాట, బొమ్మ రెండూ కలిసి నడవడం వల్లనే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు సైతం ఆ కథలను విడిచిపెట్టలేకపోయారు.

భాష విషయంలో కుటుంబరావు పాటించిన నియమమే సుబ్రహ్మణ్యమూ పాటించారు. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, అనవసర వర్ణనలు లేని కథనం ఆయన పద్ధతి. తెలుగులో రాసిన ఈ కథలు తమిళం, కన్నడం, హిందీ తదితర భాషల చందమామలలోనూ అనువాదమై వెలువడ్డాయి. ఆ భాషల పాఠకులు వాటిని తమ కథలుగానే భావించారు.

జంట వీరులు.. ఓడిపోయే మాంత్రికులు

‘తోకచుక్క’ కుండలినీ ద్వీపంలో మొదలవుతుంది. సేనాని సమరసేనుడు సముద్రయానంలో ఏకాక్షి, చతుర్నేత్రులనే మాంత్రికుల వైరం నడుమ చిక్కుకుంటాడు. తరువాతి కథల్లో సుబ్రహ్మణ్యం ఒంటరి వీరుడి స్థానంలో మిత్రుల జంటలను నిలపడం ఎక్కువైంది. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు; ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి; ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు; ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు ఇలా కనిపిస్తారు. శిఖిముఖి శబర యువకుడు కాగా విక్రమకేసరి క్షత్రియుడు. కులగోత్రాలను పక్కనపెట్టి ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డుపడే స్నేహం ఈ కథలకు ఆయువుపట్టు.

సుబ్రహ్మణ్యం నాస్తికుడు, వామపక్ష భావాలు గలవారు. మంత్రాలపై నమ్మకం లేని వ్యక్తి మాంత్రికుల కథలు రాయడం వింతగా తోచవచ్చు. ఆయన కథలను పరిశీలిస్తే ఆ వింత తొలగిపోతుంది. మాంత్రికుల శక్తికి హద్దులుంటాయి. దురాశతో, పరస్పర ద్వేషంతో వారే నశిస్తారు. వీరులు తపస్సు చేసి వరాలు పొందడం కన్నా ధైర్యంతో, సమయస్ఫూర్తితో గండాలు గట్టెక్కడమే ఎక్కువ. భయపెట్టే ఆకారాన్ని చూసి పారిపోక దాని గుట్టు తెలుసుకోవాలన్న పాఠం ఉపదేశం లేకుండానే పిల్లలకు అందుతుంది. బలులు, దయ్యాలు, చేతబడుల భయాలు పూర్తిగా తొలగని పల్లెల్లో ఈ కథలు చేసిన మేలు తక్కువది కాదు.

మారిన గాలి

1970ల తరువాత పత్రికలో జానపద ధారావాహికల జోరు తగ్గింది. చక్రపాణి 1975 సెప్టెంబరులో మరణించారు. చిత్రా 1978లో, కుటుంబరావు 1980లో కన్నుమూశారు. పౌరాణిక ధారావాహికలకు ప్రాధాన్యం పెరిగింది. సుబ్రహ్మణ్యం ఉద్యోగంలో కొనసాగుతూ సంపాదక వర్గపు పనులు నిర్వహించారు. అప్పుడప్పుడు ఇతర పత్రికలకూ రాశారు. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన ‘మృత్యులోయ’ వాటిలో పేరున్నది. ఆయన పాత ధారావాహికలను చందమామ తిరిగి ప్రచురించడంతో, తండ్రులు చదివిన కథలనే పిల్లలు కొత్తగా చదివారు. అప్పుడు కూడా రచయిత ఎవరన్నది ఎక్కువమందికి తెలియలేదు.

పత్రిక సైతం ఒడిదుడుకులకు లోనైంది. 1998లో ప్రచురణ ఆగిపోయి మరుసటి ఏడాది చివరలో పునఃప్రారంభమైంది. 2007లో జియోడెసిక్ అనే సంస్థ చేతికి వెళ్లింది. కొన్నేళ్లకు ముద్రణ పూర్తిగా నిలిచిపోయింది. సుబ్రహ్మణ్యం మద్రాసు విడిచి విజయవాడ చేరుకున్నారు. అక్కడే 2010 జనవరి 27న, 77 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.

అభిమానుల అన్వేషణ

సుబ్రహ్మణ్యం పేరు వెలుగులోకి రావడానికి పాఠకులే కారకులు. చిన్ననాట చందమామ పుటలను విడదీసి, ఒక్కో ధారావాహికను వేరువేరుగా కుట్టించి దాచుకున్నవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. పాత సంచికలు సేకరించి, ఏ కథ ఎప్పుడు వచ్చిందో పట్టికలు తయారుచేసి, రాసినవారెవరని ఆరా తీసినవారు సాహిత్య చరిత్రకారులు చేయవలసిన పనిని స్వచ్ఛందంగా నెరవేర్చారు. ‘రచన’ మాసపత్రిక ఆయన కృషిని పాఠకుల దృష్టికి తెచ్చింది. ఇతర పత్రికల్లో వచ్చిన ఆయన రచనలు వాహినీ బుక్ ట్రస్ట్ ద్వారా పుస్తక రూపం పొందాయి. ఈ గుర్తింపులో అధికభాగం ఆయన చివరి సంవత్సరాలలో, మరణానంతరం లభించినదే.

చట్టం ఏమంటోంది

ఉద్యోగంలో భాగంగా పత్రికకు రాసిన రచనలపై హక్కు ఎవరిదన్న ప్రశ్న నేటికీ గ్రామీణ రచయితలకు, విలేకరులకు ఎదురవుతూనే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగి తన పత్రిక కోసం రాసిన దానిని పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానికి చెందుతుంది. మిగతా విషయాల్లో తొలి హక్కుదారు రచయితే. హక్కులు అమ్ముకున్నా ‘ఇది నా రచన’ అని చెప్పుకొనే అధికారం 57వ సెక్షన్ మేరకు రచయితకు మిగిలే ఉంటుంది.

పేరు లేకుండా వెలువడిన రచనకు ప్రచురణ నాటి నుంచి 60 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. ఆ గడువు తీరేలోగా రచయిత ఎవరో వెల్లడైతే, ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు వర్తిస్తుంది. అంటే పేరు ముద్రించడం మర్యాదకు సంబంధించిన అంశం మాత్రమే కాదు. రచయిత కుటుంబానికి దక్కవలసిన హక్కు కూడా దానిపై ఆధారపడి ఉంటుంది. పత్రికలకు కథలు, వ్యాసాలు పంపే యువ రచయితలు ప్రతిని దాచుకోవడం, ప్రచురణ నెల, సంవత్సరం రాసిపెట్టుకోవడం, పేరు వేస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

దాచిన సంచికలు విలువైనవి

పెన్న ఎండిన వేసవుల్లో, సెలవుల మధ్యాహ్నాల్లో చందమామ చేతులు మారుతూ వీధంతా తిరిగేది. ఒకరు కొంటే పదిమంది చదివేవారు. ఇదే పెన్నను, ఇక్కడి కరవు బతుకును ‘పెన్నేటి పాట’గా రాసిన మన జిల్లా తరిమెల వాసి విద్వాన్ విశ్వం పేరు ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ పిల్లలకే ఊహలు నేర్పిన సుబ్రహ్మణ్యం పేరు పాఠశాలల్లో వినిపించదు. జిల్లాలోని శాఖా గ్రంథాలయాల్లో, పాత ఇళ్ల అటకలపై 1950-80 మధ్య నాటి చందమామలు ఉన్నట్లయితే చెదలకు, తూకానికి వదలక భద్రపరచవలసి ఉంది. ధారావాహిక తొలిపుటపై పెన్సిలుతో ‘రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని రాసి పెడితే, తరువాత చదివే పిల్లలకు ఆ కథ ఎవరిదో తెలుస్తుంది.

ఒక్కచూపులో..

జననం: 1932 అక్టోబరు 25, చినగాదెలవర్రు
ఉద్యోగం: చందమామ, 1952 నుంచి 2006 వరకు
మరణం: 2010 జనవరి 27, విజయవాడ
చందమామ ధారావాహికలు: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు