ఎంత ఎర్రగా కాల్చాలి?

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలు ఇరాన్ దాకా వెళ్లేవి. 1820లలో ఆ ఊరు చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ అక్కడి కొలిముల గురించి, సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి గురించి రాసిపెట్టాడు. మూసలో కరిగించి తీసిన ఆ ముద్దలో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉండేది. చిక్కంతా అక్కడే.

ఈ రకం ఉక్కు అంతకుముందే లండన్ చేరింది; 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీలో పత్రం చదివాడు. ఇనుమును తెల్లగా మెరిసేదాకా కాల్చి కొట్టడం ఐరోపా కమ్మరులకు అలవాటు. కర్బనం తక్కువైన ఇనుముకు అది సరే. ఈ ముద్దను అంతగా కాలిస్తే స్ఫటిక రేణువుల అంచులు కరగడం మొదలై, సుత్తి దెబ్బకు ముక్కలైపోయేది. తర్వాత జేమ్స్ స్టొడార్ట్, మైకేల్ ఫారడే ఉక్కులో వెండి, ప్లాటినం కలిపి చూశారు. కిటుకు ఏం కలిపామన్నదానిలో ఉందనుకున్నారు గానీ, నా లెక్కన సగం కిటుకు ఎంత వేడిలో కొట్టామన్నదానిలోనే ఉంది.

ఇలాంటి ఉక్కు మెల్లగా చల్లారితే ఐరన్ కార్బైడ్ రేణువుల చుట్టూ వలలా పేరుకుంటుంది. అది పెళుసు. సుమారు 850 నుంచి 650 డిగ్రీల మధ్య, ఎర్రగా ఉన్నప్పుడే కొడితే ఆ వల తెగి చిన్న గుండ్లుగా విడిపోతుంది. వేడి మరీ పెంచితే కార్బైడ్ కరిగిపోయి, చల్లారేటప్పుడు వల మళ్లీ అల్లుకుంటుంది. ఇరాన్ వెళ్లిన ముద్దలను కొట్టింది అక్కడి కమ్మరులే కాబట్టి, ఈ నేర్పు అంతా మనదేనని చెప్పుకోలేం.

1951లో హాల్, 1953లో పెచ్ అనే శాస్త్రవేత్తలు లోహంలో రేణువు చిన్నదయ్యేకొద్దీ బలం పెరుగుతుందని లెక్కగట్టారు. 1970లలో స్టాన్‌ఫోర్డ్‌లో ఓలెగ్ షెర్బీ బృందం అధిక కర్బనపు ఉక్కును 1100 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, చల్లారుతుండగానే రోలర్ల మధ్య నడిపి 650 దగ్గర ముగించింది. రేణువులు మైక్రాన్ స్థాయికి దిగాయి. ఆ వేడిలోనే లాగితే ఉక్కు తీగపాకంలా సాగింది. కోనసముద్రం లాంటి చోట్ల తీసిన ముద్దలతో చేసిన డమాస్కస్ కత్తులకూ దీనికీ ఉన్న పోలికను షెర్బీ, అతని సహచరుడు వాడ్స్‌వర్త్ 1985లో వ్యాసంగా రాశారు.

ఇల్లు కట్టేవాళ్లు అడిగే టీఎంటీ చువ్వదీ ఇదే వరస. రోలింగ్ మిల్లు నుంచి సుమారు 1000 డిగ్రీల వేడితో వచ్చే చువ్వను నీటిపెట్టెల్లోంచి దూయిస్తారు. పైపొర గట్టిపడుతుంది, లోపలి వేడి బయటికి పాకి దాని పెళుసు తగ్గిస్తుంది. చువ్వ కోసిన చివరను నునుపు చేసి ఆసిడ్ పూస్తే అంచు వెంబడి నల్లని వలయం కనిపిస్తుంది.

1973లో హైదరాబాద్‌లో పుట్టిన లోహ మిశ్రమాల సంస్థ మిధాని చేసే టైటానియం మిశ్రమాలకు ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. విమానాల్లో వాడే ముఖ్య మిశ్రమంలో స్ఫటిక నిర్మాణం మారే హద్దు సుమారు 995 డిగ్రీలు. దానికి దిగువన రోల్ చేస్తే గుండ్రని రేణువులొచ్చి సాగే గుణం పెరుగుతుంది. ఎగువన చేస్తే పొరలు పొరలుగా ఏర్పడి పగులు పాకడం నెమ్మదిస్తుంది. భాగానికి ఏది ముఖ్యమో తేల్చుకున్నాకే కొలిమి వేడి ఖాయం చేస్తారు.