అనుభవదారు కాలమ్ - నార్సింగి చరిత్రకు ఆధారాలు

నార్సింగి మీద కథో నవలో రాయబూనిన యువ రచయితలు, వ్యాసానికి దిగిన విద్యార్థులు ఏ ఆధారాలను నమ్మవచ్చునని నన్ను అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఇవాళ గజాల లెక్కన అమ్ముడయ్యే నేల నిన్న ఎవరి చెమటతో పండిందో ఎవరో ఒకరు రాయాలి. అయితే ప్రభుత్వ ముద్ర ఉంటే ఆధారం, ముసలమ్మ చెబితే ముచ్చట అనే నమ్మకంతో బయలుదేరేవారితో నాకు పేచీ ఉంది. ముద్ర వేసిన కాగితమూ ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి రాసిందే.

ముందు ఊరిని కాగితాల్లో పట్టుకోవాలి. నిజాం కాలంలో నగరం చుట్టుపట్ల గ్రామాలు అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ జిల్లాల్లో ఉండేవి. ఆ రెండూ కలిసి హైదరాబాదు జిల్లా అయింది. 1978లో రంగారెడ్డి జిల్లా విడివడింది. కనుక నార్సింగిని 1971 జనాభా లెక్కల్లో ఒక జిల్లాలోనూ, 1981 లెక్కల్లో మరొక జిల్లాలోనూ వెతకాలి. పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలైతే, మద్రాసు ఫసలీ జూలైలో మొదలయ్యేది. 1948 సెప్టెంబరు మనకు 1357, వారికి 1358. కోస్తా పుస్తకంలోని పట్టిక చూసి తెలంగాణ తేదీలు వేసేవారు పోలీసు చర్యను ఒక ఏడాది అవతలికి నెట్టగలరు!

ఇక 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తెలంగాణ భూముల తగాదాల్లో దాన్ని మూలాధారంగా చూపుతారు. అది ఎప్పుడు రాసిందో గమనించండి. 1949లో సర్ఫేఖాస్, జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కులు ఇస్తానన్నది. దున్నేవాడి పేరు కాగితమెక్కితే పట్టాదారుకు నష్టం కలిగే రోజులవి. కలం పట్టినవాడు పట్వారీ. 1984లో రద్దయ్యేదాకా అది వంశపారంపర్యంగా సాగిన కొలువు. పట్వారీలంతా అబద్ధమే రాశారని నేననను. అలా అనడానికీ ఆధారం కావాలి. పట్టాదారు కాలమ్ ఒక్కటే చూసి చరిత్ర రాయకూడదన్నదే నా వాదన. అనుభవదారు కాలమ్‌ను ఏటికేడు వరుసగా చదవాలి. ఒక పేరు ఏ సంవత్సరం మాయమైందో గుర్తించి, రక్షిత కౌలుదారుల రిజిస్టరుతో సరిచూడాలి. 2020లో వచ్చిన ధరణిలో సాగుదారుకు ఆ కాలమే లేకుండా పోయింది. 2025లో దాని చట్టం స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. నడుమ ఏళ్ల గురించి రాయబోయే పరిశోధకుడు ఆ ఖాళీని ఖాళీగానే చూపాలి.

అంకెలు మాత్రం అబద్ధమాడవంటారు కొందరు. 1961 జనాభా లెక్కల్లో పనిచేసే స్త్రీలుగా నమోదైనవారిలో చాలామంది 1971లో దేశమంతటా కనబడలేదు. వాళ్లు పొలం మానలేదు. ప్రధానంగా చేసే పని ఏదో ఆ ఒక్కటే లెక్కలోకి తీసుకోవడంతో, ఇంటిపని చేసుకుంటూ కూలికి పోయే స్త్రీ ‘ఇల్లాలు’ అయిపోయింది. నిర్వచనం చదవకుండా రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి ‘మార్పు’ గురించి పుటలు నింపిన సిద్ధాంత వ్యాసాలు చూశాను.

సాహిత్యమూ ఆధారమే. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాల నుంచి తిండి, బట్ట, ఆటపాటల వివరాలు ఏరారు. ఉద్యమ నాయకుల గ్రంథాలూ ఆధారాలే. సాయుధ పోరాటంపై సుందరయ్య పుస్తకం 1972లో వచ్చింది. ఆ పోరాటంలోని స్త్రీలను స్త్రీశక్తి సంఘటన స్వయంగా కలిసి, వారి మాటల్లోనే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అదే పోరాటం, కాని ప్రశ్నలు వేరు. ఒకటి చదివి రెండోది వదిలినవారికి సగమే తెలుస్తుంది.

నార్సింగి కూలీకి పహాణీలో కాలమ్ లేదు. జనాభా లెక్కల్లో అతడొక అంకె. పేరుతో ఉన్నది ఊరి ముసలివాళ్ల జ్ఞాపకంలోనే. జ్ఞాపకమూ పొరబడుతుంది, ఏళ్లు కలిపేస్తుంది. అందుకే “ఆ కాలంలో ఎలా ఉండేదమ్మా?” అని అడిగితే లాభం లేదు. ఏ చేను, ఎవరిది, నాటుకు ఎన్ని సేర్లు ఇచ్చేవారు, గండిపేట నీళ్లు చూశావా అని అడగాలి. ఆమె చెప్పిన చేను పేరుకు సర్వే నంబరు దొరికితే, ఆ నంబరు పట్టుకుని పహాణీకి పోవచ్చు.