ఆరోగ్యవరం – శ్వాసకోశ వ్యాధుల అవగాహన: చారిత్రక పరిశీలన

దగ్గు, ఆయాసం, ఉబ్బసం, క్షయ – ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధుల గురించి తెలుగువారు తరచు వాడే మాటలివి. మొదటి రెండూ లక్షణాలు, తక్కినవి వ్యాధులు. జనవ్యవహారంలో ఈ భేదం స్థిరంగా నిలవదు. చరకసంహిత రాజయక్ష్మను, కాసను, శ్వాసను వేర్వేరు అధ్యాయాలలో చర్చించింది. శ్వాసలోని ఐదు విధాలలో తమకశ్వాస వర్ణన నేటి ఉబ్బసానికి దగ్గరగా ఉంటుంది. ఈ విభజనకు లక్షణమూ, దోషప్రకోపమూ ఆధారాలు. 1882లో రాబర్ట్ కాక్ క్షయకారక సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత వ్యాధి నిర్ధారణలో ఆ సూక్ష్మజీవి ఉనికే ప్రధానమైంది. ఈ మార్పు దక్షిణ రాయలసీమకు చేరిన తీరును ఆరోగ్యవరం చరిత్ర తెలుపుతుంది.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఏర్పేడు పరిసరాల కాళహస్తి ప్రాంతమూ, కడప జిల్లాలోని మదనపల్లె ప్రాంతమూ అందులో చేరాయి. మరుసటి ఏడాదే పలు ప్రొటెస్టెంట్ మిషన్లు ఉమ్మడిగా పుంగనూరులో క్షయ చికిత్సాలయాన్ని ప్రారంభించాయి. 1915లో అది మదనపల్లె సమీపానికి మారింది. ఆ చోటు ఆరోగ్యవరంగా ప్రసిద్ధి పొందింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంట్. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులోని పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం నాటి చికిత్సకు మూలాధారాలు.

మందులు వచ్చాక ఈ పద్ధతి ప్రశ్నార్థకమైంది. 1950–55 మధ్య యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ మదనపల్లె చుట్టుపక్కల గ్రామీణ జనాభాలో క్షయ వ్యాప్తిని అధ్యయనం చేశారు. పరిశీలన ఆసుపత్రి గోడలు దాటి పల్లెకు చేరింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ ఔషధ చికిత్సా కేంద్రం 193 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఇంటివద్ద, మరొక వర్గానికి శానిటోరియంలో ఏడాదిపాటు ఒకే మందులిచ్చింది. ఆహారం, విశ్రాంతి తక్కువైనా ఇంటివద్ద రోగులకు దాదాపు సమానంగా నయమైందని 1959లో ప్రకటించింది. శానిటోరియం యుగం ముగింపునకు ఇది బాట వేసింది. ఆరోగ్యవరం క్రమంగా సాధారణ వైద్యశాలగా రూపొందింది.

ఈ చరిత్రను విజయగాథగా మాత్రమే చదివితే ఒక అంశం మరుగున పడుతుంది. సూక్ష్మజీవి నశించడమే స్వస్థతకు కొలత అయినప్పుడు, చికిత్స ముగిసిన రోగి లెక్కలోంచి తొలగిపోతాడు. క్షయ మిగిల్చిన మచ్చలు, వ్యాకోచించిన లేదా ఇరుకైన శ్వాసనాళాలు అతనిలోనే ఉంటాయి. ఆ ఆయాసాన్ని ఇంట్లో ఉబ్బసమంటారు. కొన్నిసార్లు వైద్యుడే తిరిగి క్షయగా భావించి అవే మందులు మొదలుపెడతాడు. ఉబ్బసంలో శ్వాసనాళాల సంకోచం చాలావరకు సడలుతుంది; పొగాకు, వంటచెరకు పొగల వల్ల కలిగే అవరోధం అంతగా సడలదు. ఈ భేదం కఫపరీక్షలో తెలియదు, ఊపిరి వేగాన్ని కొలిచే స్పైరోమెట్రీలో తెలుస్తుంది.

లక్షణం నుంచి కారణానికి సాగిన ఈ ప్రయాణం లక్షలాది ప్రాణాలను నిలిపింది. కారణం తొలగినా మిగిలే ఆయాసాన్ని కూడా వ్యాధిచరిత్రలో భాగంగా గుర్తించినప్పుడే ఈ అవగాహన సమగ్రమవుతుంది.