ఎదుట ముఖం లేని ఆట

2017 జనవరి. పిట్స్‌బర్గ్‌లో, ఒహాయో నది ఒడ్డున ఉన్న రివర్స్ కాసినోలో పోకర్ ఆడుతున్న నలుగురు ఆటగాళ్లలో మీరూ ఒకరనుకోండి. ఎదుట మనిషి లేడు, కంప్యూటర్ తెర ఉంది. తెర మీద మీ ముక్కలు రెండు: ఇస్పేటు రాజు, డైమన్ పది. నడుమ పరిచిన అయిదు ముక్కల్లో ఆఠీన్ రాజు కనిపిస్తోంది. రాజుల జత మీది. మధ్యలో పోగైన సొమ్ము 1,200 డాలర్లు.

అవతలి నుంచి పందెం వచ్చింది. 8,000.

మౌస్ మీద వేలు ఆగిపోయింది. పన్నెండు వందల కోసం ఎనిమిది వేలు ఎవరు కాస్తారు? నిజంగా పెద్ద ముక్కలున్నాయా, ఉత్త బెదిరింపా? మనిషైతే గుటక మింగాడా, చూపు తిప్పుకున్నాడా అని గమనించేవారు. ఇక్కడ గమనించడానికి ఏమీ లేదు. నిమిషం ఆలోచించి డ్రాప్ అయిపోయారు.

అవతల ఆడుతున్నది లిబ్రేటస్. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ టువోమస్ శాండ్‌హోమ్, ఆయన విద్యార్థి నోమ్ బ్రౌన్ తయారుచేసిన ప్రోగ్రామ్. గేమ్ థియరీకి పునాది వేసిన వాళ్లలో ఒకరైన జాన్ నాష్ చదువుకున్నదీ ఈ యూనివర్సిటీలోనే, అప్పట్లో దాన్ని కార్నెగీ టెక్ అనేవారు. ఒక్కరే పద్ధతి మార్చుకుంటే ఎవరికీ లాభం లేని సమతూకం ఒకటుంటుందని ఆయన 1950లో చూపించాడు. ఈ యంత్రం వెతుకుతున్నది దాన్నే.

అంతకు రెండేళ్ల ముందు ఇదే కాసినోలో శాండ్‌హోమ్ వాళ్ల పాత ప్రోగ్రామ్ క్లాడికో మనుషుల చేతిలో వెనకబడింది. అందుకే మీరు ధీమాగా వచ్చారు. అయితే లిబ్రేటస్ ఎలా నేర్చుకుందో చూడండి. దానికి ఆట నియమాలు మాత్రమే ఇచ్చారు. తనతో తానే లెక్కలేనన్ని ఆటలు ఆడుకుంటూ, ప్రతి మలుపులోనూ ‘ఇలా కాక అలా ఆడి ఉంటే ఎంత మిగిలేది’ అని లెక్క కట్టుకుంది. ఆ లెక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రిగ్రెట్, అంటే పశ్చాత్తాపం. ఏ ఎత్తు వేయనందుకు ఎక్కువ పశ్చాత్తాపం మిగిలిందో, తర్వాత ఆ ఎత్తు ఎక్కువసార్లు వేసింది. చేతిలో ముక్క లేకుండా బెదిరించమని దానికి ఎవరూ చెప్పలేదు. కపటమంటే మనుషుల సొత్తేననుకున్నాం, అది కూడికలు తీసివేతల్లోంచి పుట్టుకొచ్చింది! ఈ ఆట గురించి ఎప్పుడు తలచుకున్నా నన్ను అబ్బురపరిచేది ఇదే.

రాత్రి ఆ రోజు ఆటల చిట్టా చేతికొచ్చింది. మీ ఆట వెతికారు. దాని దగ్గరున్నవి కళావర్ ఆరు, ఇస్పేటు అయిదు. జత కూడా లేదు.

జేసన్ లెస్, డాంగ్ కిమ్, డేనియల్ మెకాలే, జిమ్మీ చౌ. అసలు ఆడిన నలుగురూ వీళ్లే. రోజూ ఆట ముగిశాక తలలు కలిపి కూర్చునేవారు. ఫలానా మొత్తం కాస్తే యంత్రం తడబడుతోంది, రేపు అదే కాద్దాం అనుకునేవారు. మొదట్లో ఒక దశలో తేడా బాగా తగ్గింది కూడా. కానీ అవే రాత్రుల్లో బ్రిడ్జెస్ సూపర్‌కంప్యూటర్ మీద లిబ్రేటస్ కూడా పని చేసేది. అది మీ బలహీనతల జోలికి పోలేదు. పగలు మీరు వేలు పెట్టిన తన కన్నాల్లో ముఖ్యమైనవి ఏరి పూడ్చుకునేది. మర్నాడు మీరు అదే పందెం కాస్తే పాచిక పారదు. తన ముక్కలు దానికి కనిపిస్తున్నాయేమో అనిపించిందని డాంగ్ కిమ్ అన్నాడు. కనిపించలేదు.

అదృష్టం బాగోలేదనుకోవడానికీ వీల్లేదు. ఇద్దరు అందరి ముందు, ఇద్దరు విడిగా ఆడారు. ఇక్కడ మీకు పడిన ముక్కలే అక్కడ యంత్రానికి పడ్డాయి, ఇక్కడ యంత్రానికి పడినవి అక్కడ మీ జోడీకి వెళ్లాయి.

జనవరి 30న ఆట ముగిసింది. 20 రోజులు, 1,20,000 ఆటలు. 17,66,250 డాలర్ల చిప్స్ తేడాతో లిబ్రేటస్ గెలిచింది. అవి ఆట చిప్స్ మాత్రమే. మనుషులు పంచుకున్న అసలు బహుమతి 2 లక్షల డాలర్లు. నలుగురిలో ఒక్కరూ లాభంలో లేరు. అందరికంటే తక్కువ పోగొట్టుకున్న డాంగ్ కిమ్ కూడా 85,649 వెనకే ఉన్నాడు.