తెలుగు థ్రిల్లర్లలో ప్రతినాయకులైన కథానాయకులు

ఏళ్ల తరబడి మంచివాడిగా, ప్రేమికుడిగా, నవ్వించే మనిషిగా ప్రేక్షకులు చూస్తూ వచ్చిన నటుడికి నేరకథలో హంతకుడి పాత్ర, కుట్రదారు పాత్ర ఇవ్వడం చలనచిత్రరంగంలో పాత పద్ధతే. తెలుగులో మాత్రం ఇది థ్రిల్లర్‌తో మొదలు కాలేదు. పౌరాణిక నాటకంలో పుట్టి, పౌరాణిక చిత్రాల్లో పెరిగి, థ్రిల్లర్ దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి బలమైన కారణముంది. ఈ చరిత్రలో పూర్వపు అనంతపురం జిల్లాలోని మూడు ఊళ్ల ప్రస్తావన తప్పదు: తెలుగు నాటకానికి విషాదాంతం నేర్పిన రచయిత ఇంటిపేరులోని ధర్మవరం, రాముడూ రావణుడూ తానే అయిన నటుణ్ణి శాసనసభకు పంపిన హిందూపురం, ఒక నేరచిత్రానికి మూలమైన రాజకీయం నడిచిన పెనుకొండ. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

రంగస్థలం

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ సరస వినోదినీ సభను స్థాపించి నాటకాలు రాసి ఆడించారు. ఆయన ‘విషాద సారంగధర’ తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరుపొందింది. మంగళాంతం తప్పనిసరి అనుకునే రోజుల్లో నిర్దోషి శిక్షకు గురయ్యే కథను ఆయన వేదికకెక్కించారు. ఆ కథలో కీడు తలపెట్టే చిత్రాంగి కోరలున్న రాక్షసి కాదు, అంతఃపురంలో మసలే రాణి. కీడు ఇంటిమనిషి రూపంలోనే రావచ్చునన్న ఈ ఊహే తర్వాతి కాలపు థ్రిల్లర్‌కు ప్రాణం.

ఆయన మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే లోకమెరిగిన బళ్లారి రాఘవ (1880–1946), ఆ ఊహకు శరీరమిచ్చిన నటుడు. రాఘవ కూడా న్యాయవాదే, ప్రభుత్వ ప్లీడరుగా పనిచేసినవారే. కోలాచలం శ్రీనివాసరావు రాసిన ‘రామరాజు చరిత్ర’లో ఆయన వేసిన పఠాన్ రుస్తుం పాత్రను చూసినవారు చాన్నాళ్లు చెప్పుకున్నారు. విజయనగర పతనం ఆ నాటకానికి ఇతివృత్తం. ఆ పతనానికి దారితీసిన 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని తరలించుకున్నది పెనుకొండకే. తమ సామ్రాజ్యం కూలిన కథను కూలగొట్టినవారి పక్షాన నిలిచిన పాత్ర ముఖం మీద చదవడం ఆనాటి దత్తమండలాల (రాయలసీమ, బళ్లారి) ప్రేక్షకులకు కొత్త. రుస్తుంను కేవలం క్రూరుడిగా కాక, పగకు కారణమున్న మనిషిగా రాఘవ నిలబెట్టారు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’ చిత్రంలో దుర్యోధనుడు ఆయనే. మూడేళ్ల తర్వాత ‘రైతుబిడ్డ’లో మట్టిమనిషీ ఆయనే.

రాముడే రావణుడు

తెలుగు తెరమీద ప్రసిద్ధ కథానాయకుడు ప్రతినాయకుడు కావడమనే సంగతికి అసలు అధ్యాయం నందమూరి తారక రామారావుది. 1957లో ‘మాయాబజార్’ విడుదలయ్యాక కృష్ణుడంటే ఆయన ముఖమే జనం కళ్లల్లో నిలిచిపోయింది. మరుసటి ఏడాదే ఏవీఎం వారి ‘భూకైలాస్’లో రావణుడయ్యారు. 1961లో తొలిసారి తానే దర్శకత్వం వహించిన ‘సీతారామ కళ్యాణం’లో రాముడి పాత్రను హరనాథ్‌కు ఇచ్చి, తాను మళ్లీ రావణుణ్ణే ఎంచుకున్నారు. చేతిలో నిర్మాణం, దర్శకత్వం రెండూ ఉన్న కథానాయకుడు ప్రతినాయకుడి పాత్రను కోరి తీసుకోవడం ఏ భాషలోనైనా అరుదు. రెండేళ్లకు ‘లవకుశ’లో రాముడిగా వస్తే జనం ఆయన్ను అంతే భక్తితో చూశారు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలతో దుర్యోధనుడు మిగిలిన రెండు పాత్రలనూ మించిపోయాడు. ఆ దుర్యోధనుడికి యుగళగీతం కూడా పెట్టారు. 1978లో ‘శ్రీరామ పట్టాభిషేకం’లో రాముడూ రావణుడూ ఒకే నటుడు.

రాజకీయాల్లోకి వచ్చిన రామారావు 1985 మధ్యంతర ఎన్నికల్లో గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. 1989లోనూ 1994లోనూ అక్కడ మళ్లీ గెలిచారు. ఆయన మరణం తర్వాత 1996 ఉపఎన్నికలో కుమారుడు హరికృష్ణ ఆ స్థానంలో గెలిచారు, 2014 నుంచి మరో కుమారుడు బాలకృష్ణ గెలుస్తూ వచ్చారు. రావణ, దుర్యోధన పాత్రలు రామారావు ప్రజాజీవితానికి మచ్చ తేకపోగా ఆయన గంభీరతకు మరో వన్నె చేర్చాయి. ఎందుకంటే పౌరాణిక ప్రతినాయకుడు దాక్కోడు. నిండుసభలో మీసం మెలేసి తన తప్పును తానే ప్రకటిస్తాడు. అతనికి వంశముంది, వేదముంది, పద్యముంది. ఓడినా చిన్నబోడు.

థ్రిల్లర్ విలన్‌కు ఇవేవీ లేవు. అతను పక్కింటివాడిలా ఉంటాడు, నవ్వుతూ పలకరిస్తాడు, చీకట్లో చంపుతాడు, దొరికిపోయినప్పుడు అతని లోపలి నీచత్వం తప్ప మరేమీ కనిపించదు. ఘనమైన చెడ్డతనానికి అలవాటుపడిన తెలుగు కథానాయకులకు ఈ దాచుకున్న, జబ్బుపడిన చెడ్డతనం రుచించలేదు. ఆలస్యానికి అసలు కారణం ఇదే. అభిమానులు ఒప్పుకోరన్న మాట తరచూ వినిపిస్తుంది గానీ, రావణుణ్ణి నెత్తిన పెట్టుకున్న అభిమానులు వీళ్లే.

థ్రిల్లర్ చిక్కు

ఈ ఇబ్బంది తెలుగువారికే పరిమితం కాదు. 1941లో హిచ్‌కాక్ తీసిన ‘సస్పిషన్’లో కేరీ గ్రాంట్ భార్యను చంపజూసే భర్తగా ముగియాల్సింది. అంతటి తారను హంతకుణ్ణి చేయడానికి స్టూడియో అంగీకరించలేదని హిచ్‌కాక్ తర్వాత చెప్పుకున్నారు. చివరికి కథ మారింది. దీనికి మరో కొస 1968 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’. అమెరికన్ తెర నీతిమంతుడు హెన్రీ ఫోండా అందులో పిల్లవాణ్ణి కాల్చే కిరాయి హంతకుడు. ఆయన మీసం పెట్టుకుని, నీలికళ్లను గోధుమరంగు కటకాలతో కప్పుకుని వస్తే దర్శకుడు సెర్జియో లియోనె రెండూ తీయించేశారు. ప్రేక్షకుడు నమ్మిన ఆ నీలికళ్లే అతనికి కావాలి. పరిచిత ముఖాన్ని పరిచితంగానే ఉంచి చేతలు మార్చినప్పుడే ఈ ఎంపిక గుండెల్లో దిగుతుంది.

తెలుగులో మొదట కనిపించేది ఇందుకు తలకిందులైన దారి. కైకాల సత్యనారాయణ ‘సిపాయి కూతురు’ (1959)లో కథానాయకుడిగా వచ్చి, అది ఆడకపోవడంతో ప్రతినాయకుడయ్యారు. కృష్ణంరాజు ‘చిలకా గోరింకా’ (1966)లో నాయకుడిగా మొదలై, ‘నేనంటే నేనే’ (1968)లో విలన్‌గా చేసి, మళ్లీ నాయకుడయ్యారు. చిరంజీవి ‘ఇది కథ కాదు’ (1979)లో భార్యను హింసించే భర్త, ‘పున్నమి నాగు’ (1980)లో తనకే తెలియకుండా ఒంట్లో విషం నింపుకుని ప్రాణాలు తీసే యువకుడు. ఆ రెండో పాత్ర నిజంగా థ్రిల్లర్ పాత్రే, ఆయన చేసినవాటిలో ఎక్కువగా చెప్పుకోదగ్గదీ అదే. 1983లో ‘ఖైదీ’ వచ్చాక ఆ వైపు ఆయన మళ్లీ చూడలేదు. తొంభైల తర్వాత వచ్చిన గోపీచంద్‌దీ ఇదే తోవ: ‘తొలివలపు’ (2001)లో నాయకుడు, ‘జయం’, ‘నిజం’, ‘వర్షం’లలో విలన్, 2004లో ‘యజ్ఞం’తో మళ్లీ నాయకుడు. ఇవన్నీ నటులు తమ చోటు వెతుక్కునే క్రమంలో జరిగినవి. జనం మనసులో స్థిరపడిన బొమ్మను కావాలని పగలగొట్టడం వీటిలో లేదు.

‘అమరావతి’ నుంచి ‘అఖండ’ దాకా

ఆ బొమ్మను పగలగొట్టే పని థ్రిల్లర్‌లో నేరుగా చేసిన చిత్రం రవిబాబు దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘అమరావతి’. అందులో విలన్ నందమూరి తారకరత్న, రామారావు మనవడు. 2002లో ‘ఒకటో నంబర్ కుర్రాడు’తో పరిచయమైన ఆయన ఒకే రోజు తొమ్మిది చిత్రాల ప్రారంభంతో వార్తల్లోకెక్కారు. కథానాయకుడిగా ఆశించిన స్థాయి రాలేదు గానీ, ‘అమరావతి’లోని హంతకుడి పాత్ర ఆయనకు నంది ఉత్తమ ప్రతినాయకుడి పురస్కారం తెచ్చింది. తాత రావణుడైతే మనవడు మనోవికారి అయ్యాడు. ఆ రెంటి మధ్య తెలుగు ప్రతినాయకుడు ఎంత దూరం నడిచాడో ఈ ఒక్క కుటుంబంలోనే కనిపిస్తుంది. 2016లో ‘రాజా చెయ్యి వేస్తే’లో మళ్లీ విలన్‌గా చేసిన తారకరత్న 2023 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆయన ప్రతిభకు తగినన్ని ఇలాంటి పాత్రలు రాయకపోవడం తెలుగు రచయితల లోటే.

ఈ ధోరణిని పెద్ద వ్యాపారంగా మార్చినది ‘లెజెండ్’. 2014 మార్చి 28న విడుదలైన ఈ చిత్రంలో నాయకుడు బాలకృష్ణ, దర్శకుడు బోయపాటి శ్రీను. అదే ఏడాది బాలకృష్ణ హిందూపురం నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లారు. ఎదుటి పాత్రలో జగపతిబాబు. ‘శుభలగ్నం’ (1994), ‘మావిచిగురు’ (1996) నాటి మెత్తని భర్తను నెరిసిన జుట్టూ గడ్డంతో, కటువైన చూపుతో చూసి జనం ఉలిక్కిపడ్డారు. ఆయనకూ నంది దక్కింది, నటజీవితానికి రెండో భాగం మొదలైంది. ఏడేళ్లకు అదే దర్శకుడు, అదే నాయకుడు ‘అఖండ’ (2021)లో శ్రీకాంత్‌ను వరదరాజులుగా నిలబెట్టారు. ‘తాజ్‌మహల్’, ‘పెళ్లిసందడి’ల ప్రేమికుడు అంతకుముందే ‘యుద్ధం శరణం’ (2017)లో విలన్‌గా చేసినా, ఆ చిత్రం అంతమందిని చేరలేదు.

రెండూ ఘనవిజయాలే. అయినా ఒక మాట చెప్పాలి. గడ్డం, చుట్టూ అనుచరులు, గొంతు చించుకునే ప్రగల్భాలు పెట్టాక పాత జగపతిబాబు, పాత శ్రీకాంత్ కనుమరుగవుతారు. మిగిలేది మళ్లీ కొలువుతీరిన రావణుడే. ఆ మెత్తని నవ్వును, ఇల్లాలి ముందు తలవంచుకునే ఆ నడకను అలాగే ఉంచి, దాని వెనక కత్తి పెట్టి ఉంటే ఎలా ఉండేదో ‘ధ్రువ’ (2016) చూస్తే కొంత ఊహించవచ్చు. తమిళ ‘తని ఒరువన్’ ఆధారంగా సురేందర్ రెడ్డి తీసిన ఈ చిత్రంలో అరవింద్ స్వామి తన సహజమైన అందంతోనే, గొంతు పెంచకుండానే భయపెట్టారు. ‘రోజా’ నాటి సౌమ్యత పోలేదు, భయం అందులోనే ఉంది.

నాని ఇరవై అయిదో చిత్రం ‘వి’ (2020)ని ఇంద్రగంటి మోహనకృష్ణ పోలీసుకు సవాళ్లు విసిరే హంతకుడి కథగా తీశారు. చివరికి ఆ హత్యలకు న్యాయమైన కారణం చూపించి పాత్రను కడిగేశారు. తారను పూర్తిగా చెడ్డవాడిగా వదిలే ధైర్యం అక్కడ ఆగిపోయింది. ‘జై లవ కుశ’ (2017)లో రామారావు మరో మనవడు జూనియర్ ఎన్టీఆర్ చేసిన మూడు పాత్రల్లో ఒకటైన జై, నత్తితో అవమానాలు పడి రావణుణ్ణి కొలిచే అన్న. ఇతను తాతగారి రావణుడికి నేరుగా వారసుడు. ఆ మూడింటిలో జనం గుర్తుంచుకున్నదీ అతన్నే.

నవ్వించినవాళ్లు, నాయికలు

హాస్యనటుడు సునీల్ ‘కలర్ ఫోటో’ (2020)లో చెల్లెలి ప్రేమను సహించని పోలీసు, ‘పుష్ప’ (2021)లో మంగళం శ్రీను అనే విలన్. అతని ముఖం చూడగానే నవ్వుకు సిద్ధమయ్యే ప్రేక్షకుడి పెదవి మధ్యలోనే బిగుసుకుపోతుంది. మెత్తని భర్త కంటే హాస్యనటుడు విలన్ అయినప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుంది. ‘కలర్ ఫోటో’లో సునీల్ అందుకు సాక్ష్యం.

నాయికల్లో రాశి పేరు ముందు చెప్పాలి. కుటుంబచిత్రాల నాయిక ‘నిజం’ (2003)లో ప్రతినాయకుడి పక్కన చేరింది. ‘క్షణం’ (2016)లో టెలివిజన్ వ్యాఖ్యాతగా ఇంటింటికీ తెలిసిన అనసూయను పోలీసు అధికారిగా పెట్టి, ఆ పరిచయాన్నే కథలో తెరగా వాడుకున్నారు.

పెనుకొండ నేపథ్యం, సీమ యాస

రాంగోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ రెండు భాగాలు 2010లో వచ్చాయి. 1994, 1999, 2004 ఎన్నికల్లో పెనుకొండ నుంచి గెలిచి, 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన పరిటాల రవి జీవితం వాటికి ఆధారం. వివేక్ ఒబెరాయ్ చేసిన ప్రతాప్ రవి మొదటి భాగంలో పగ తీర్చుకునేవాడు, రెండో భాగంలో పగకు గురయ్యేవాడు. రెండో భాగంలో అతనికి ఎదురు నిలిచిన సూర్య, తెలుగువారికి ‘గజిని’, ‘సూర్య సన్నాఫ్ కృష్ణన్’ల ప్రేమికుడు. ఎవరు నాయకుడు, ఎవరు ప్రతినాయకుడు అన్నది ఏ భాగం చూస్తున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. నటుడిగా ఉండి రాజకీయ నాయకుడైనవాడి పాత్ర శత్రుఘ్న సిన్హాది, ఆయనా అలాంటివారే.

ఈ చిత్రాలకు ముందు పదేళ్లు ఫ్యాక్షన్ చిత్రాలు రాయలసీమకే విలన్ వేషం కట్టాయి. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002)ల వరుసలో తెల్లచొక్కాలు, సుమోలు, బాంబులు ముద్రపడ్డాయి. సిరివెళ్లకు చెందిన జయప్రకాశ్ రెడ్డి సీమ యాసను గొప్పగా పలికారు, కానీ ఆ యాస ప్రతినాయకుడి నోటికే పరిమితమైంది. పట్టుచీరలు నేసే ధర్మవరం, లేపాక్షికి దారితీసే హిందూపురం ప్రేక్షకులు తమ ఇంట్లో మాట్లాడే మాటను తెరమీద బెదిరింపుగానే వింటూ వచ్చారు. ‘అరవింద సమేత వీరరాఘవ’ (2018)లో జగపతిబాబు బసిరెడ్డిగా, ‘అందాల రాక్షసి’ ప్రేమికుడు, బళ్లారిలో పుట్టిన నవీన్‌చంద్ర అతని కొడుకు బాల్‌రెడ్డిగా సీమ యాసలో భయపెట్టారు. అయితే ఈసారి ఆ యాసలో కత్తి దించమని చెప్పినవాడూ ఉన్నాడు, అతనే చిత్రానికి నాయకుడు.

2025లో విలన్లైన కథానాయకుల జాబితాలో మరో రెండు పేర్లు చేరాయి. నాగార్జున ఆగస్టు 14న విడుదలైన తమిళ చిత్రం ‘కూలీ’లో సైమన్ అనే ప్రతినాయకుడిగా రజనీకాంత్‌కు ఎదురునిలిచారు. సెప్టెంబరులో వచ్చిన ‘మిరాయ్’లో మంచు మనోజ్ విలన్ అయ్యారు. ఇద్దరూ అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా కథానాయకులుగా ఉన్నవారే.