ఇంటర్నెట్ కాల్స్, ఫైల్ బదిలీల మధ్య రద్దీ న్యాయం

ఒకే ఇంటర్నెట్ దారిలో మాటను మోసే ప్యాకెట్లు (డేటా తునకలు), ఫైళ్లను మోసే ప్యాకెట్లు పోటీపడినప్పుడు ఎవరికి ఎంత వాటా దక్కాలన్నది నెట్‌వర్క్ శాస్త్రంలో కీలకమైన ప్రశ్న. దీన్ని రద్దీ నియంత్రణలో న్యాయం అంటారు. గల్ఫ్‌లో ఉన్న అయినవారితో నెట్ కాల్స్ ద్వారా మాట్లాడుకునే కోనసీమ కుటుంబాలకు ఇది ప్రతిరోజూ ఎదురయ్యే విషయం.

కోనసీమ నేపథ్యం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఉపాధి కోసం వెళ్లేవారు ఎక్కువ. రాజోలు ప్రాంతంలోని సఖినేటిపల్లి మండలం మోరి, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తొలుత అందిన గ్రామాల్లో ఒకటి. అక్కడ 2016 డిసెంబరులో సేవలు మొదలయ్యాయి. మోరికి చెందిన ఆచార్యుడు సోలమన్ డార్విన్ చొరవతో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఈ ఊళ్లో స్మార్ట్ విలేజ్ కార్యక్రమం చేపట్టింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్‌నెట్‌ను లాంఛనంగా ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇంటికి రావడం దీని ప్రత్యేకత.

టీసీపీ క్రమశిక్షణ

రద్దీ నియంత్రణ చరిత్ర కూడా బర్క్‌లీతో ముడిపడి ఉంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, సుమారు 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య డేటా వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దీనికి విరుగుడుగా వాన్ జాకబ్సన్, మైఖేల్ కారెల్స్ రూపొందించిన పద్ధతి 1988లో వెలువడింది. ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని గ్రహించి, డేటాను చేరవేసే నియమావళి అయిన టీసీపీ వేగం తగ్గించుకుంటుంది. తర్వాత మెల్లగా పెంచుకుంటుంది. ఫైల్ బదిలీలు చాలావరకు ఈ క్రమశిక్షణ పాటిస్తాయి.

మాట అవసరం

జీ.711 అనే ధ్వని సంకేతీకరణ పద్ధతిలో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున పంపితే, శీర్షికల (హెడర్ల) బరువుతో కలిపి అది 80 కిలోబిట్లవుతుంది. అవసరం చిన్నదే కానీ గడువు కఠినం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. శివారు చేనుకు కాలువ నీరు ఒక పూట ఆలస్యంగా అందినా పనికొస్తుంది. గడువు దాటి వచ్చిన మాట ప్యాకెట్‌ను మాత్రం పారేయడమే. అందుకే వాటాను బిట్లలో లెక్కగట్టి వదిలేస్తే న్యాయం జరగదు, సమయాన్నీ లెక్కించాలి.

ఇరుపక్షాల బాధ్యత

పెళ్లి వీడియో అప్‌లోడ్ అవుతుండగా కాల్ తెగితెగి వినిపించడానికి కారణం తరచుగా రూటర్లో ప్యాకెట్లు వేచి ఉండే చోటు, అంటే బఫరే. సెకనుకు 1 మెగాబిట్ అప్‌లోడ్ ఉన్న చోట 256 కిలోబైట్ల బఫర్ నిండితే, వెనక వచ్చిన మాట దాదాపు 2 సెకన్లు ఆగాలి.

మాట వైపూ బాధ్యత ఉంది. స్థిర వేగంతో పంపే కాల్ రద్దీని పట్టించుకోదు. అలాంటివి వేలల్లో చేరితే వేగం తగ్గించుకునే టీసీపీ బదిలీలే నష్టపోతాయి. శాలీ ఫ్లాయిడ్, జేమ్స్ కెంఫ్ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్ఎఫ్‌సీ 3714 ఈ ఆందోళననే వ్యక్తం చేసింది. ప్యాకెట్ల నష్టం తీవ్రంగా కొనసాగుతుంటే కాల్ తన వేగం తగ్గించుకోవాలి, అదీ కుదరకపోతే ఆగిపోవాలన్నది దాని సారం.

వాటా కొలత

ఒకే రకమైన ప్యాకెట్ల నష్టం, ఆలస్యం ఉన్నప్పుడు టీసీపీ కంటే ఎక్కువ వాడుకోకపోవడం న్యాయానికి ప్రసిద్ధ కొలమానం. అయితే టీసీపీ వేగం ప్యాకెట్ పరిమాణాన్ని బట్టి మారుతుంది. దాదాపు 200 బైట్ల మాట ప్యాకెట్‌ను 1,500 బైట్ల ఫైల్ ప్యాకెట్‌తో సమానంగా లెక్కిస్తే మాటకు అన్యాయం జరుగుతుంది. 2007లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4828 చిన్న ప్యాకెట్లకు బైట్ల లెక్కన వాటా ఇచ్చే విధానాన్ని ప్రతిపాదించింది.

పరిష్కారాలు

2012లో ప్రమాణంగా వెలువడిన, మాటను డిజిటల్ రూపంలోకి మార్చే ఓపస్ కోడెక్ సెకనుకు 6 నుంచి 510 కిలోబిట్ల మధ్య వేగాన్ని సర్దుకోగలదు. ఎఫ్‌క్యూ-కోడెల్ అనే రూటర్ వరుస నిర్వహణ విధానం ప్రతి ప్రవాహానికీ వేరే వరుస ఇచ్చి, ప్యాకెట్లు ఎక్కువసేపు నిలవకుండా చూస్తుంది. టెలికాం సంస్థ తన సొంత ఫోన్ సేవకు నెట్‌వర్క్‌లో ప్రాధాన్యం ఇవ్వగలదు; వాట్సాప్ వంటి కాల్స్ మాత్రం సాధారణంగా ఇతర డేటాతో పాటే వెళ్తాయి. ఫైబర్ వచ్చాక సామర్థ్యం పెరిగినా, దారిలో ఏదో ఒకచోట ఇరుకు ఉంటూనే ఉంటుంది. అక్కడి రూటర్లో వరుస నిర్వహణ సరిగా ఉంటే ఫైలుకు పెద్ద నష్టం లేకుండానే మాట వేళకు చేరుతుంది.