గుడారంలోకి కంప్యూటర్ వచ్చిన కథ

శిబిరం అంటే దండు విడిసిన చోటు. మన పాత నిఘంటువులు చెప్పే అర్థం ఇదే. ఏప్రిల్ మూడోవారం వచ్చేసరికి విజయవాడలోనో వరంగల్లోనో కరెంటు స్తంభాలకు ‘సమ్మర్ క్యాంప్: కోడింగ్, రోబోటిక్స్, ఏఐ’ అన్న ఫ్లెక్సీలు వేలాడతాయి. వాటికీ దండుకూ ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఉంది. పిల్లల వేసవి శిబిరం నిజంగానే ఒక యుద్ధకాలంలో పుట్టింది, సైనికుల్లా గుడారాల్లో పడుకోవాలని ఉబలాటపడ్డ కుర్రాళ్ల కోసం.

అది 1861. అమెరికాలో అంతర్యుద్ధం అప్పుడే మొదలైంది. కనెక్టికట్ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరుంది. రాజధాని కాదు, అదే పేరున్న పల్లె. అక్కడ ఫ్రెడరిక్ విలియం గన్ అనే ఆయన బడి నడిపేవారు. బానిసత్వం తప్పని బాహాటంగా చెప్పినందుకు ఊరివాళ్లు కొందరు తమ పిల్లలను ఆయన బడి మాన్పించారు, ఆయన కొన్నాళ్లు ఊరే విడిచిపోవలసి వచ్చింది. తిరిగొచ్చి 1850లో మళ్లీ బడి పెట్టారు. యుద్ధం వార్తలు వింటున్న పిల్లలకు తామూ ఆరుబయట పడుకోవాలని, నడుచుకుంటూ దూరాలు పోవాలని కోరిక పుట్టింది. గన్, ఆయన భార్య ఆబిగైల్ కలిసి ఆ పిల్లలందర్నీ సుమారు నలభై మైళ్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న మిల్‌ఫర్డ్‌కు నడిపించుకుపోయారు. రెండు వారాలు అక్కడే మకాం. పడవలు, చేపలవేట, రాత్రి మంట చుట్టూ కూర్చుని కబుర్లు. అమెరికాలో పద్ధతిగా నడిచిన మొదటి వేసవి శిబిరం అదేనని అక్కడి శిబిరాల సంఘమే చెబుతుంది.

ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. కంప్యూటర్ శిబిరం చరిత్ర రాసేవాళ్లు చాలామంది కంప్యూటర్‌తో మొదలుపెట్టి, శిబిరం మాట మరిచిపోతారు. మన ఊళ్లలో ఆ శిబిరాలను నడిపేవాళ్లు కూడా అలాగే మరిచిపోయారు.

ఇక యంత్రం సంగతి. 1960ల మొదట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే వస్తువు. గణితం, ఇంజినీరింగు చదివినవాళ్లు తప్ప ఎక్కువమంది దాని దరిదాపుల్లోకి పోయేవారు కాదు. డార్ట్‌మౌత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కుర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులకు ఇది నచ్చలేదు. సాహిత్యం చదివే విద్యార్థి కూడా ప్రోగ్రాము రాయగలగాలి అన్నారు. అలా 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటలకు, వాళ్లు తయారుచేసిన బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాములు నడిచాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలో పిల్లలు నేర్చిన మొదటి కంప్యూటర్ భాష ఎక్కువగా ఇదే.

కానీ పిల్లల కోసమే, పిల్లలను దృష్టిలో పెట్టుకునే పుట్టిన భాష లోగో. దాన్ని తయారుచేసినవాళ్లలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫర్జిగ్, సింథియా సాలమన్, డేనియల్ బాబ్రో ముఖ్యులు, సంవత్సరం 1967. పాపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. జెనీవాలో జీన్ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేశారు. పిల్లలు జ్ఞానాన్ని ఎవరో పోస్తే నింపుకోరు, తమ చేతులతో తామే కట్టుకుంటారన్న పియాజే ఆలోచనను ఆయన ఎంఐటీకి తెచ్చి, దానికి ఒక యంత్రాన్ని జతచేశారు. ఆ యంత్రం పేరు తాబేలు.

మొదట్లో అది నేలమీద పాకే చిన్న రోబో, కడుపులో ఒక పెన్ను. తర్వాత తెరమీది బొమ్మ అయింది. ‘ఫార్వర్డ్ 100’ అంటే నూరడుగులు ముందుకు పోతుంది, ‘రైట్ 90’ అంటే కుడికి తిరుగుతుంది. ఈ రెంటినీ నాలుగుసార్లు చేయమంటే చతురస్రం గీస్తుంది. ఇప్పుడు పిల్లవాడు త్రిభుజం గీయాలనుకుంటాడు. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని బళ్లో చెప్పారు కదా, ‘రైట్ 60’ అని మూడుసార్లు చెబుతాడు. తాబేలు త్రిభుజం గీయదు. గిన్నె బోర్లించినట్టు ఒక సగం బొమ్మ గీసి ఆగిపోతుంది. ఆరుసార్లు చెబితే షడ్భుజి వస్తుంది. తప్పెక్కడుంది? పాపర్ట్ చెప్పిన ఉపాయం, లేచి నిలబడి నువ్వే తాబేలువై నడువు అని. నడిచి చూస్తే తెలుస్తుంది: మూల దగ్గర తాను తిరగవలసింది లోపలి కోణం కాదు, బయటి కోణం, 120 డిగ్రీలు. మూడు మూలలూ తిరిగేసరికి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరిగినట్టు లెక్క. ఆ పిల్లవాడు ఒక సిద్ధాంతాన్ని కాళ్లతో కనుక్కున్నాడు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ తప్పు. బడిలో తప్పంటే ఎర్రసిరా. లోగోలో తప్పంటే వెతికి సరిదిద్దుకోవలసిన చిక్కు, అంతే. అయితే ఆ చిక్కును ఒక మధ్యాహ్నమంతా వెంటాడాలంటే పిల్లలకు తీరిక కావాలి. నలభై నిమిషాల పీరియడులో గంట కొట్టేలోపు అది కుదరదు. ఆ తీరిక దొరికే చోటు శిబిరం. పాపర్ట్ ఆలోచనలూ గన్ గుడారమూ ఒకదానికొకటి ఎందుకు సరిపోయాయో ఇక్కడ తెలుస్తుంది.

కంప్యూటరూ శిబిరమూ కలిసింది 1977లో, ఆ కనెక్టికట్‌లోనే. ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, ఇంజినీరింగు చెప్పే మైకేల్ జబిన్‌స్కీ ఆ ఏడు పిల్లల కంప్యూటర్ శిబిరం మొదలుపెట్టారు. యాపిల్ 2, కొమొడోర్ పెట్, టీఆర్ఎస్-80 అనే మూడు యంత్రాలు బజారులోకి వచ్చింది ఆ ఏడే. టీఆర్ఎస్-80 తెరతో సహా 599 డాలర్లు. దాని జ్ఞాపకశక్తి 4 కిలోబైట్లు, ఇవాళ ఫోనులో తీసే ఒక ఫొటోలో నూరోవంతు కూడా కాదు. కానీ దాన్ని కారులో పెట్టుకుని ఏ చెరువుగట్టుకైనా తీసుకుపోవచ్చు. గది నుంచి బయటికి కదలని కంప్యూటర్ శిబిరానికి రాలేదు. ఇది వచ్చింది.

తర్వాత అంతా వేగంగా జరిగింది. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర డెనిసన్ బోలే మరో శిబిరం పెట్టారు. 1982లో అటారీ కంపెనీ తన పేరుతోనే శిబిరాలు తెరిచింది. తన కంప్యూటర్ల మీద వేళ్లాడించిన పిల్లలు ఇంటికెళ్లి అమ్మానాన్నలతో అవే కొనిపిస్తారని దాని ఆశ. 1983లో వీడియోగేమ్ వ్యాపారం కుప్పకూలింది, మరుసటి ఏడు అటారీ ముక్కలై చేతులు మారింది, దాంతోపాటే ఆ శిబిరాలూ పోయాయి. శిబిరం సరుకు అమ్ముకునే దారి అయితే సరుకుతోపాటే పోతుందని ఈ చరిత్ర చెబుతోంది.

అప్పటి శిబిరాల గురించి ఇంకొక విషయం మనసును కలచివేస్తుంది. రాబర్ట్ హెస్, ఐరీన్ మియురా అనే పరిశోధకులు శిబిరాల్లో, తరగతుల్లో చేరిన పిల్లలను లెక్కవేసి 1985లో ప్రచురించారు. ఒక అమ్మాయికి ముగ్గురు అబ్బాయిలు తేలారు. వయసు పెరిగేకొద్దీ, పాఠం కష్టమయ్యేకొద్దీ, ఫీజు పెరిగేకొద్దీ అమ్మాయిల సంఖ్య ఇంకా తగ్గింది. అంటే తల్లిదండ్రులు ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడు కొడుకు కోసం పెట్టారు. మనకు కొత్త సంగతేం కాదు. ఆ రోజుల్లో అమెరికాలో కంప్యూటర్ సైన్సు పట్టా తీసుకునేవాళ్లలో ఆడపిల్లలు సుమారు 37 శాతం. ఆ తర్వాత అది బాగా జారిపోయింది. దానికి కారణాలు చాలా ఉండొచ్చు. పదేళ్ల వయసులో శిబిరానికి ఎవరిని పంపారన్నది వాటిలో ఒకటని నా నమ్మకం.

మన దేశంలో పిల్లల చేతికి కంప్యూటర్ 1984-85లో అందింది. క్లాస్ అనే పేరుతో కేంద్రప్రభుత్వం మొదట 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రాలు పంపింది. ఇంగ్లండులోని ఎకార్న్ కంపెనీ చేసిన యంత్రమది. ఆ కంపెనీవాళ్లే తర్వాత రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ సంతతి మన జేబుల్లోని ఫోన్లలో ఇవాళ పనిచేస్తోంది. అయితే పథకం బడి గదికే పరిమితమైంది. తొంభైల్లో వేసవి కోర్సులు ప్రైవేటు సెంటర్లలో నడిచేవి.

ఆ కాలంలో మా ఊళ్లో ఒక సెంటరుకు నేనూ వెళ్లాను. చెప్పులు బయట విడవాలి. కిటికీలకు తెరలు, లోపల ఏసీ చల్లదనం, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురం. ముప్పావుగంట నోట్సు రాయించేవారు, కంప్యూటర్ అనగానేమి, దాని తరాలు ఎన్ని అని. కీబోర్డు చేతికి వచ్చేది చివరి పదిహేను నిమిషాలే. వర్డ్‌స్టార్ నేర్చుకున్నాను, డీబేస్ పేరు విన్నాను. ఆ నెలరోజుల్లో నేను సొంతంగా తప్పు చేసి సొంతంగా దిద్దుకున్నది ఒక్కటీ గుర్తులేదు. అప్పట్లో అదే ఎంతో గొప్ప అనుకున్నాం. తాబేలు గురించి చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు, ఏం పోగొట్టుకున్నానో తెలిసింది.

ఇవాళ ఫ్లెక్సీల మీద మాటలు మారాయి గానీ చాలాచోట్ల పద్ధతి అదే. పదిరోజులు, రోజుకు గంటన్నర, చివర్న ఒక సర్టిఫికెట్, చేతిలో కిట్టు. సారు చెప్పిన వైరును సారు చెప్పిన చోట గుచ్చితే లైటు వెలుగుతుంది. లైటు వెలగకపోతే సారే వచ్చి సరిచేస్తారు. ఆ సరిచేయడమే అసలు పాఠం. దాన్ని పిల్లలకు వదిలిపెట్టాలి. కిట్టు ఖరీదు కూడా పిల్లలను ఏరేస్తుంది. డబ్బున్న ఇంటి అబ్బాయి చేరతాడు, అతని అక్క చేరదు, పక్కవీధి కూలివాళ్ల పిల్లలు ఫ్లెక్సీ చదివి వెళ్లిపోతారు.

ఇందుకు ఎదురునడిచిన ప్రయత్నాలు చాలానే ఉన్నాయి. 1993లో మిచెల్ రెస్నిక్, నటాలీ రస్క్, స్టీనా కుక్ బోస్టన్ కంప్యూటర్ మ్యూజియంలో పేదపిల్లల కోసం కంప్యూటర్ క్లబ్‌హౌస్ తెరిచారు. పాపర్ట్‌తో కలిసి పనిచేసిన రెస్నిక్ బృందమే 2007లో స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసింది. ఆజ్ఞలను టైపు చేయనక్కర్లేదు, రంగురంగుల దిమ్మెల్లా ఒకదానికొకటి తగిలించడమే. పైసా ఖర్చు లేదు. 2011లో ఐర్లండులోని కార్క్ నగరంలో ఇరవై నిండని జేమ్స్ వెల్టన్, వ్యాపారవేత్త బిల్ లియావ్‌తో కలిసి కోడర్‌డోజో మొదలుపెట్టాడు. చెప్పేవాళ్లు జీతం తీసుకోరు, వచ్చేవాళ్లు ఫీజు కట్టరు.

మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ ఇంకా దూరం వెళ్లింది. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో సుమారు రెండు వేల ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో పిల్లల ఐటీ క్లబ్బులు పెట్టింది. ఓనం సెలవుల్లో, వేసవిలో బడి స్థాయి నుంచి రాష్ట్రస్థాయి దాకా శిబిరాలు. వాడేదంతా ఉచిత సాఫ్ట్‌వేరే. మలయాళం బడుల్లో సాధ్యమైనది తెలుగు బడుల్లో ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న నేను కోపంతోనే అడుగుతున్నాను.

మన దగ్గర చెప్పుకోదగ్గది ఇస్రో 2019లో ఆరంభించిన ‘యువిక’. తొమ్మిదో తరగతి పిల్లలు మే నెలలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంటారు. పల్లెటూరి బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులు, ప్రయాణం, బస ఖర్చులు ఇస్రోవే. ఈ శిబిరం జరిగే కేంద్రాల్లో శ్రీహరికోట ఉంది, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమూ ఉంది. గన్ పెట్టిన రెండు వారాల లెక్క ఇక్కడ కనబడితే నాకు సంతోషం వేసింది. కానీ సీట్లు దేశం మొత్తానికీ కొన్ని వందలే.

మిగిలిన లక్షల మందికి ఏం చేయాలి? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ గ్రంథాలయాలు ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతాయి. కథలు చదవడం, చెప్పించడం, బొమ్మలు, ఆటలు. ఫీజు లేదు, ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు, మార్కులు లేవు. శిబిరం ఉంది, లేనిది కంప్యూటరే. స్క్రాచ్ ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది, దానికి కొత్త యంత్రం అక్కర్లేదు. మీ బీరువాలో పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలపడి ఉంటే, బడులకు సెలవులిచ్చిన మర్నాడు దాన్ని పట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. వారం రోజులు రోజుకో రెండు గంటలు పిల్లల పక్కన కూర్చోండి. వాళ్ల త్రిభుజం తప్పుగా వస్తే మాత్రం, దయచేసి మీరు సరిచేయకండి.